మహర్షి దేవేంద్రనాథుని యోగజీవనము

యోగమను మాట చెవిని బడినంతనే మనవారిలో పెక్కండ్రకు జటలును, విభూతియు, పర్వతగుహయు, ప్రాణవాయువును బంధించి కన్నులు మూసికొన్న కృశించిన దేహమును మనస్సునందు పొడకట్టును. మరికొందరికి నీటిపై నడచుటయు, పరుల మనసులోని మాట చెప్పుటయు, నిప్పులలో కాలిడి కాలకుండుటయు యోగమని తోచును. 2015వ సంవత్సరము మొదలుకొని జూన్ 21వ తేదీని ప్రపంచమంతట యోగదినముగా జరుపుచున్న యీ కాలమున, యోగమనగా దేహమును వంచు వ్యాయామమని యెంచువారి సంఖ్యయు హెచ్చినది. ఈ మూడభిప్రాయములయందును గల లోప మొక్కటియే. అసత్యమాడువాడును, అప్పు నెగవేయువాడును, సేవకుని కూలి బిగబట్టువాడును గూడ యీ మూడు విధముల యోగములను నిరాటంకముగా సాధింపవచ్చును.

పతంజలి యోగశాస్త్రము మాత్ర మిట్టి యవకాశ మీయలేదు. ఆయన చెప్పిన యంగము లెనిమిది. అందాసనము మూడవది, ప్రాణాయామము నాలుగవది. వానికి ముందు యమనియమములు నిలిచియున్నవి. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అనునవి యమములు. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అనునవి నియమములు. సిద్ధులను వర్ణించుట కొక పాదమునే వినియోగించిన యా శాస్త్రకర్తయే, యవి సమాధికి విఘ్నములని హెచ్చరించెను. కావున నీతి యోగమునకు అలంకారము కాదు, పునాది. పునాది లేని యింటికి గోపురము నెత్తువారి శ్రమ యేమగునో చెప్పనక్కరలేదు.

ఈ సత్యమును గ్రంథముల మూలమున గాక జీవితము మూలమున నిరూపించిన మహనీయులలో దేవేంద్రనాథ ఠాకూరుగా రొకరు. వారు సన్న్యసింపలేదు. భార్యాపుత్రులతో, జమీందారీ లెక్కలతో, వ్యాజ్యములతో, పత్రికతో, సమాజకార్యములతో నెనుబదియేడేండ్లు జీవించిరి. అయినను లోకము వారిని మహర్షి యనెను. ఆ బిరుదము వారికెట్లు తగినదో యిచ్చట సంగ్రహముగా విన్నవించెదము.

దేవేంద్రనాథులు 1817వ సంవత్సరము మే 15వ తేదీన కలకత్తా నగరమున జోడాసాంకో భవనమునందు జన్మించిరి. తండ్రియగు ద్వారకానాథ ఠాకూరుగారు వర్తకమునందును, ఔదార్యమునందును వంగదేశమున నగ్రగణ్యులు. దొరలతో సమానముగా వ్యాపారము నడపినవారు. రాజా రామమోహనరాయల మిత్రులు. బాలుడు రామమోహనుల పాఠశాలలో చదివెను. ఒకమారు తమ యింట జరుగు దుర్గాపూజకు రామమోహనుల నాహ్వానింప నాతనిని పంపిరి. ఏకేశ్వరారాధకుడగు నాయన, తన్నీ పూజకు పిలుచుటేమని యచ్చెరువంది, తన కుమారుడగు రాధాప్రసాదునొద్దకు పొమ్మనెను. ఆ యాశ్చర్యమున కర్థము బాలునికప్పుడు తెలియలేదు. ఏండ్లు గడచిన పిదప నది తెలిసెను. తెలిసిన తోడనే తానును విగ్రహముల ముందు తల వంపరాదని నిశ్చయించుకొనెను. మహాత్ముల మౌనము గూడ నొక్కొకప్పుడు బీజమువలె నేలలో దాగి తగిన ఋతువున మొలకెత్తును.

యౌవనమున దేవేంద్రనాథులు ధనికుల బిడ్డలవలెనే భోగములలో మునిగియుండిరి. వారికి పదునెనిమిదవయేట, తమ్మత్యంత ప్రేమతో పెంచిన పితామహికి అంత్యకాలము సమీపింపగా, నాటి యాచారము ననుసరించి యామెను గంగాతీరమునకు గొనిపోయిరి. ఆమె మరణమునకు ముందటి రాత్రి, వెన్నెలలో, తీరమున పరచిన చాపపై దేవేంద్రనాథులు కూర్చుండియుండిరి. దూరమున నామసంకీర్తనము గాలిలో దేలివచ్చుచుండెను. ఆ క్షణమున వారికి హఠాత్తుగా ఐశ్వర్యమంతయు నిస్సారమని తోచెను. తాము కూర్చున్న చాపయే తమకు తగిన యాసనమనిపించెను. మున్నెన్నడు నెరుగని యానంద మొకటి హృదయమును నింపెను. ఆ రాత్రి నిదుర రాలేదు.

ఐతే ఆ యానందము నిలువలేదు. పితామహి గతించిన పిదప దాని కొరకెంత వెదకినను దొరకలేదు. తమ గదిలోని పటములను, సామానులను అడిగినవారికి పంచి పెట్టిరి. నగరము వెలుపల నున్న వృక్షశాస్త్రోద్యానమునకు బోయి, నట్టనడు మధ్యాహ్నమున నొక సమాధిపై నొంటరిగా గూర్చుండిరి. సూర్యకాంతియు నల్లగా గనబడునంతటి విషాదము వారి నావరించెను. సంస్కృతమభ్యసించిరి, భారతము చదివిరి, ఐరోపా తత్త్వవేత్తల గ్రంథములను శోధించిరి. ఈ దశను మేము ప్రత్యేకముగా బేర్కొనుటకు కారణము కలదు. ఒక్క రాత్రి కలిగిన పరవశత్వమును యోగసిద్ధిగా భావించి, శిష్యులను జేర్చుకొని, పీఠము స్థాపించువారు మన దేశమున నరుదు కాదు. దేవేంద్రనాథు లట్లు చేయలేదు. కలిగిన యనుభవము నిలుచుటకు తమ జీవితము తగినది కాదని గ్రహించి, దానిని తగినదానిగా జేయుటకు పూనుకొనిరి. నిజమైన సాధకుని ప్రథమలక్షణ మిదియే.

అట్టి కాలమున నొక సంస్కృతగ్రంథమునుండి చినిగిన పుట యొకటి గాలికెగిరి వారి కంటబడెను. అందలి శ్లోకము వారికర్థము కాలేదు. ఇంటనున్న పండితుడును చెప్పజాలకపోయెను. బ్రాహ్మసమాజమున వేదాంతము వ్యాఖ్యానించుచుండిన రామచంద్ర విద్యావాగీశులు చూచి, యిది ఈశోపనిషత్తునందలి మొదటి మంత్రమని తెలిపి వివరించిరి. జగత్తంతయు నీశ్వరునిచే వ్యాప్తమనియు, త్యాగమే నిజమైన భోగమనియు, ఇతరుల ధనమునం దాశ కూడదనియు దాని తాత్పర్యము. వెదకుచున్న వానికి స్వర్గమునుండి యుత్తరము వచ్చినట్లు తోచెను. ఆ తాత్పర్యములోని కడపటి భాగమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ఏలయన, దేవేంద్రనాథుల యోగమునకు తరువాత గలిగిన మహాపరీక్ష యా విషయమునందే.

1839వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన వారు తత్త్వబోధినీ సభను స్థాపించిరి. 1843లో అక్షయకుమార దత్తుగారు సంపాదకులుగా తత్త్వబోధినీ పత్రిక వెలువడెను. రామమోహనులు 1828లో స్థాపించిన బ్రాహ్మసమాజము, 1833లో నాయన ఇంగ్లండునందలి బ్రిస్టలు నగరమున గతించిన పిమ్మట, దీపము కొండెక్కుచున్న స్థితిలో నుండెను. 1843 డిసెంబరు 21వ తేదీన దేవేంద్రనాథు లిరువదిమంది మిత్రులతో గూడి విద్యావాగీశుల యెదుట బ్రాహ్మధర్మదీక్ష వహించిరి. అంతవరకు వినిపోవువారి కూటమిగా నుండిన సమాజము నాటినుండి ప్రతిజ్ఞ చేసినవారి సమాజమయ్యెను. ప్రతిదినము గాయత్రీమంత్రముతో పరబ్రహ్మము నుపాసింపక భుజింపరాదని మొదట నియమ మేర్పరచిరి. గాయత్రి యందరికిని సుగమము కాకుండుట గని, సర్వజనసులభమగు నుపాసనావిధానమును రచించిరి. వారి మతమున నుపాసనకు రెండు పాదములు కలవు: భగవంతుని ప్రేమించుట యొకటి, ఆయనకు ప్రియమైన కార్యములు చేయుట రెండవది. ఇందొకటి లోపించిన నుపాసన కుంటిదగును. ధ్యానయోగమును కర్మయోగమును విడదీయుటకు వీలులేని యీ సూత్రమే వారి జీవితమునకు వెన్నెముక.

1846 ఆగస్టు 1వ తేదీన ద్వారకానాథులు లండను నగరమున కాలధర్మము నొందిరి. శ్రాద్ధసమయమున జ్యేష్ఠపుత్రుడు సాలగ్రామము నెదుట నుంచి కర్మ జరుపవలెనని బంధువులు పట్టుబట్టిరి. తాము చేసిన ప్రతిజ్ఞకు విరుద్ధమగు దానిని జేయజాలమని దేవేంద్రనాథులు నిరాకరించి, నిరాకారేశ్వరప్రార్థనతో తండ్రికి శ్రద్ధాంజలి సమర్పించిరి. జ్ఞాతులు వారిని విడిచిరి. సత్యమను యమము మాటలయం దసత్యము లేకుండుటతో ముగియదు. నమ్మనిదానిని నమ్మినట్లు నటింపకుండుట గూడ సత్యమే. మన గృహములలో వివాహాది సమయముల విద్యావంతులు వహించు మౌనమును దలచినప్పుడు, ఈ ఘట్టమెంత కఠినమైనదో మనకు బోధపడును.

అంతకంటె కఠినమైనది 1848వ సంవత్సరారంభమున వచ్చెను. ద్వారకానాథులు స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీ కూలిపోయెను. లెక్క చూడగా అప్పు సుమారు కోటి రూపాయలు. రావలసిన సొత్తు 70 లక్షలు. లోటు 30 లక్షలు. అయితే దూరదృష్టిగల ద్వారకానాథులు 1840లోనే కొన్ని జమీందారీలను ధర్మకర్తృత్వపత్రము మూలముగా కుమారుల నిమిత్తము వేరుపరచియుండిరి. ఋణదాతల సభలో కంపెనీవారి తరఫున నీ సంగతి స్పష్టముగా జెప్పబడెను: ఆ యాస్తి నెవరును తాకజాలరు. అనగా వర్తకము నశించినను, ఋణదాతలు నష్టపోయినను, దేవేంద్రనాథులును వారి సోదరులును జమీందారులుగా సుఖముగా జీవింపవచ్చును. చట్టము వారి పక్షమున నుండెను.

న్యాయస్థానములతో పరిచయముగల మేము ప్రతిదినము చూచునది దీనికి విపరీతము. ఋణము వచ్చుననగానే యాస్తి భార్యపేర మారును. వెనుకటి తేదీతో దానపత్రములు పుట్టును. కాలపరిమితి గడచువరకు బాకీదారుడు గ్రామాంతరములందుండును. ఇవి చేయువారు నాస్తికులు కారు; ప్రాతఃకాలమున స్నానసంధ్యలు నెరవేర్చువారే. దేవేంద్రనాథుల విషయమున నిట్టి కపటముతో బని యేమియు లేదు. పత్రము నిష్కపటముగా వ్రాయబడినది. దానిని దక్కించుకొన్న నెవరును వేలెత్తి చూపజాలరు. అట్లయ్యు వారు తమ తమ్ముడగు గిరీంద్రనాథులతో నాలోచించి, ధర్మకర్తృత్వపు టాస్తిని గూడ ఋణదాతల కర్పించుచున్నామని సభలో బ్రకటించిరి. వసూలు చేయుటకు వీలైన ఋణమెంత యని చట్టమడుగును. ఈయవలసిన ఋణమెంత యని ధర్మమడుగును. దేవేంద్రనాథులు రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పిరి. గాలికెగిరి వచ్చిన పుటలోని యుపదేశము నాడు వారి చేతివ్రాలుగా మారెను.

ఆ మాటలు విని ఋణదాతలు చలించిపోయిరి. ఆస్తిని తమ స్వాధీనమున నుంచుకొని, కుటుంబపోషణకై సాలునకు 25,000 రూపాయలు వారే యేర్పాటు చేసిరి. దేవేంద్రనాథులు సేవకజనమును తగ్గించి, బండ్లను గుర్రములను వేలము వేయించి, అన్నవస్త్రములను మితపరచుకొని, గృహమునందే సన్న్యాసి వలె జీవింపసాగిరి. తరువాత వ్యవహారము మరల వారి చేతికి వచ్చెను. క్రమక్రమముగా నప్పులన్నియు దీరెను. కలకత్తాలోని జిల్లా ధర్మసంఘమునకు తండ్రి వాగ్దానము చేసి చెల్లింపని లక్ష రూపాయలను సైతము వడ్డీతో జెల్లించిరి. అపరిగ్రహమును, అస్తేయమును ఇంతకంటె స్పష్టముగా వ్యాఖ్యానించిన భాష్యము మాకు గనబడలేదు.

ధనముపట్ల జూపిన నిష్కాపట్యమునే వారు శాస్త్రములపట్లను జూపిరి. వేదములు ప్రమాణమని నమ్మియున్న కాలమున, ఆ నమ్మకమును బరీక్షించుటకై నలుగురు బ్రాహ్మణయువకులను వేదాధ్యయనమునకు కాశికి బంపిరి. 1847లో స్వయముగా నచ్చటికి బోయిరి. విచారణానంతరము వేదము సర్వాంశముల నిర్దోషమను సిద్ధాంతమును విడిచిపెట్టిరి. ఇందు అక్షయకుమార దత్తుగారి యుక్తివాదమునకు గొప్ప భాగము కలదు. మరి ప్రమాణమేది? జ్ఞానముచే ప్రకాశించు నిర్మలహృదయమే బ్రహ్మమునకు పీఠమని వారు నిర్ణయించిరి. ఉపనిషత్తులలో నట్టి హృదయ మంగీకరించిన వాక్యములను గూర్చి బ్రాహ్మధర్మమను గ్రంథమును సంకలనము చేసిరి. ఇచ్చట నొక యపాయము కలదు. హృదయమే ప్రమాణమైనచో ప్రతివాడును తన కోరికనే దైవాజ్ఞయనునని యాక్షేపింతురు. నిర్మలమను విశేషణమే దీనికి సమాధానము. మలినమైన యద్దమున సూర్యుడును మలినముగనే కనబడును. అద్దమును తుడుచుటయే యమనియమముల పని. కావుననే నీతి లేక యంతర్వాణి లేదు.

1856లో, లోకవ్యవహారములతో విసిగి, మరల రాకూడదను తలంపుతో దేవేంద్రనాథులు కలకత్తా విడిచిరి. కాశి, ప్రయాగ, ఆగ్రా, ఢిల్లీ, అమృతసరములను జూచి, 1857లో సిమ్లా చేరిరి. సిపాయిల తిరుగుబాటు నాటి కలవరము నచ్చట గాంచిరి. పిదప నింకను లోపలి పర్వతములకు బోయిరి. వేకువకు ముందు లేచుట, చన్నీట స్నానము, దేవదారువనములలో దూరము నడచుట, శిలాతలముపై గూర్చుండి ధ్యానము, ఉపనిషత్పఠనము, రాత్రి వేళల పారసీక కవియగు హాఫిజు గీతములను బాడికొనుట, ఇది వారి దినచర్య. ఆసనబంధములును కుంభకములును వారి సాధనమునకు ముఖ్యములు కావు. ఏకాగ్రమైన మనస్సుతో భగవత్సన్నిధి నెరుగుటయే వారి ధ్యానము. కోరిన శాంతి యచ్చట లభించెను. లోకమున పెక్కండ్ర యోగుల కథలిచ్చట ముగియును.

దేవేంద్రనాథుల కథ యిచ్చట మరలినది. ఒకనాడు పర్వతనది యొడ్డున నిలిచి చూచుచుండిరి. పైన స్ఫటికమువలె స్వచ్ఛమైన యా జలము క్రిందికి దిగిన కొలది బురదతో గలియును. అట్లు గలియుటకు వెనుకాడిన యెడల పొలములకు నీరును, మనుష్యులకు నన్నమును లేదు. తన స్వచ్ఛతను దాచుకొనుటకు నదికి హక్కు లేదు. ఇట్లు తలంచుచుండగా, గర్వమును విడిచి నీవును క్రిందికి దిగుమను నాజ్ఞ వారి యంతరాత్మయందు వినబడెను. గుండె దడదడ కొట్టుకొనెను, వెళ్లుటకు మనస్సొప్పలేదు, కాని యాజ్ఞను మీరలేదు. 1858 నవంబరులో కలకత్తా చేరిరి. వంగభాషలో వారు రచించిన యాత్మచరిత్ర యీ ఘట్టముతోనే, వారి నలుబదియొకటవయేటనే ముగియుట గమనింపదగినది. తమ యాత్మ వికసించిన కథ యచ్చటికి పూర్తియైనదనియు, తరువాతిది సేవయే యనియు వారు భావించిరేమో యని మాకు తోచును.

తిరిగివచ్చిన నాటికి, 1857లో సమాజమున జేరిన యువకుడు కేశవచంద్ర సేనుగారు వారి కొరకు వేచియున్నట్లుండిరి. తండ్రి కుమారునివలె వారు కేశవుని జేరదీసి, 1862లో సమాజాచార్యునిగా నియమించిరి. ఐతే జందెము ధరించినవారు వేదిపై గూర్చుండవచ్చునా, వర్ణాంతర వివాహములను వేగిరపరచవచ్చునా యను విషయముల భేదము పుట్టి, 1866లో సమాజము చీలెను. ఇచ్చట మా యభిప్రాయమును దాచము. దేవేంద్రనాథులు తమకు జందెమును విడిచిరి, తమ కుమార్తె వివాహమును 1861లో విగ్రహారాధన లేకయే జరిపిరి; అయినను వర్ణభేదమును నిర్మూలింపవలసిన చోట వెనుకాడిరి. ఆ పక్షమున న్యాయము కేశవునిది. నది క్రిందికి దిగినదే కాని, యన్ని పొలములకు బారలేదు. కాని వియోగమున వారు చూపిన శాంతిని మాత్రము మనమందరము నేర్చుకొనవలసియున్నది. తమ్ము విడిచిపోయినవారిని నిందింపలేదు, శపింపలేదు. ఆ విడిపోయినవారే 1867లో వారికి సన్మానపత్రము సమర్పించి మహర్షి యని పిలిచిరి. ప్రతిపక్షులు స్వయముగా నిచ్చిన బిరుదమునకు మించిన సాక్ష్యమేమి కావలెను?

1863లో బోలుపూరు సమీపమున, చెట్టుచేమలు లేని విశాలమైన మైదానములో, రెండు సప్తపర్ణవృక్షముల నీడను జూచి, యిరువది బీఘాల నేలను శాశ్వతపు గుత్తకు దీసికొని, ధ్యానార్థమై గృహము గట్టించి శాంతినికేతనమని పేరిడిరి. 1888లో దానిని సర్వజనులకు ధర్మపత్రము మూలమున నర్పించిరి. అందు విగ్రహారాధన కూడదు; మాంసభోజనము కూడదు; ఏ మతమును, ఏ మతస్థుల యారాధ్యమును నిందింపకూడదు. తమ విశ్వాసమునందు దృఢముగా నుండి పరుల విశ్వాసమును గౌరవించుట యెట్లో యీ మూడు నిబంధనలు చెప్పుచున్నవి.

1873లో, ఉపనయనమైన చిన్న కుమారుడు రవీంద్రుని వెంటబెట్టుకొని, మహర్షి శాంతినికేతనమునకును, అమృతసరమునకును, హిమాలయమునందలి డల్హౌసీకిని బోయిరి. తెల్లవారకమునుపే బాలుని లేపి సంస్కృతము చెప్పుదురు, చన్నీట స్నానము చేయింతురు, ఉపనిషత్తులు పఠింపజేయుదురు. అంతతో విడువక, ఖర్చుల పెట్టె యాతని వశమున నుంచి లెక్క యడుగుదురు. తమ వెలగల గడియారమునకు కీ యిచ్చు పని యప్పగింతురు. కొండదారుల నొంటరిగా దిరుగనిత్తురు. నమ్మి బాధ్యత నొసగుట, స్వేచ్ఛ నిచ్చి లెక్క యడుగుట: బాలుర కుపదేశింపదగిన యోగమిది. ఆ బాలుడే 1901లో నచ్చట బ్రహ్మచర్యాశ్రమమును, 1921లో విశ్వభారతిని స్థాపించెను. ఆ శాంతినికేతనము 2023లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడెను. మహర్షి 1905 జనవరి 19వ తేదీన జోడాసాంకో గృహమునందే దేహము చాలించిరి.

ఆంధ్రులకు మహర్షి యన్యుడు కాడు. 1864లో చెన్నపట్టణమున వేదసమాజ మేర్పడిన పిమ్మట, దాని ప్రముఖులలో నొకరగు చెంబేటి శ్రీధరులు నాయుడుగారు కలకత్తాకు బోయి బ్రాహ్మధర్మ మభ్యసించి వచ్చి, బ్రాహ్మధర్మగ్రంథములను తమిళమునకును దెలుగునకును బరివర్తనము చేసిరి. తరువాత వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును జీవితముననుసరించి చూపిన సత్యనిష్ఠ, తమ యార్జనను పరోపకారమునకు వెచ్చించిన యపరిగ్రహము, ఈ మార్గమునకు జెందినవే.

పాఠకులారా, ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగిన సాధన కష్టమైనది గాని, రహస్యమైనది కాదు. గుహలు వెదకనక్కరలేదు. ఉదయమున నొక నియతకాలమున నేకాంతముగా గూర్చుండి సర్వవ్యాపియగు తండ్రిని ధ్యానింపవలెను. ఆ ధ్యానము నిజమైనదో కాదో సాయంకాలమున మన లెక్కల పుస్తకము చెప్పును. ఇతరుల సొమ్మొక్క కాసైన నందున్నదా? మన మాట నమ్మి మోసపోయినవాడెవడైన నున్నాడా? లోకమునకు వెరచి మనము నమ్మనిదానికి నేడు తల వంచితిమా? ఈ ప్రశ్నలకు వెనుకాడక బదులు చెప్పగలిగిన నాడు గృహస్థుని యిల్లే యాశ్రమము, కచేరియే తపోవనము. పర్వతాగ్రమున స్వచ్ఛమైన జలమును పొలముల బురదలోనికి దింపిన యా కరుణామయుడు మన హృదయములనుగూడ నట్లే నిర్మలముగా జేసి, నిర్భయముగా జనుల మధ్యకు దింపుగాక.